కట్టన్నర సేపు

ఆ ఫారంలో పదకొండో ప్రశ్న ఇది: నీళ్ల కోసం నల్ల దగ్గర ఎంతసేపు ఆగుతారు? జవాబు నిమిషాల్లో రాయాలి. ఎదురుగా మూడు గడులు ఉండేవి. అంకె చిన్నదైతే ముందు సున్నా పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు.

తొంభైల మొదట్లో మాట. సోలాపూర్‌లో అర్థశాస్త్రం ఎం.ఎ. పూర్తిచేసి, నాకు పాఠం చెప్పిన సార్ దగ్గరే పరిశోధన సహాయకురాలిగా చేరాను. మా కాలేజీకి అప్పుడే కంప్యూటర్ వచ్చింది. దానికొక గది, గదికి దుమ్ము రాకుండా మందపాటి తెరలు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఏ పేటకు ఎన్ని నీళ్లు అందుతున్నాయో ఇంటింటికీ తిరిగి రాసి, అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి అందరికీ సరిపోయేలా వంతులు ఎలా వేయవచ్చో చూడటం సార్ తలపెట్టిన పని. సుస్థిర అభివృద్ధి అనే మాట అప్పుడప్పుడే విశ్వవిద్యాలయాల్లోకి వస్తోంది. సార్ ఆ మాట ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. నమ్మే రాసేవారు.

నన్ను తీసుకోవడానికి కారణం నా మార్కులు కాదు. సోలాపూర్‌లోని తెలుగువాళ్ల పేట నీలం నగర్‌లో ఆడవాళ్లు బజారుకు పోతే మరాఠీ మాట్లాడతారు, ఇంటి సంగతి మాత్రం తెలుగులోనే చెబుతారు. నేను అక్కడే పుట్టాను. నాయిన దాజీ పేట్‌లో ఒక కార్ఖానాలో పవర్‌లూమ్ నడిపేవాడు. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ ఇంట్లో బీడీలు చేసేది.

అవ్వ పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి అడిగేవాళ్లంతా ఆమె కష్టం గురించే అడుగుతారు. కష్టం ఉంది, కాదనను. కాని ఆమె ఒకసారి గెలిచింది. నేను చెప్పాలనుకున్నది అది.

ఫారాల కట్ట మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు అవ్వ చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"ఏందే ఇవన్ని?"

"నీళ్ల లెక్క అవ్వా. ఇప్పుడు మనకు అందాలె, ముందుముందు కూడ ఉండాలె. గట్ల ఎట్ల పంచాల్నో కంప్యూటర్ చెప్తది."

"గది చెప్పనీకి కంపూటర్ ఎందుకు? నన్నడగరాదు? బిందె నిండంగనె నల్ల బంద్ చెయ్యాలె."

నేను ఆమె ఫారం కూడా నింపాను. పదకొండో ప్రశ్నకు ఆమె "మూడు కట్టలు" అంది.

మొదట్లో ఇలాంటి జవాబులు విని సార్ తెల్లబోయారు గాని నాకు కొత్త కాదు. మా గల్లీలో మూడు నల్లలు ఉండేవి. మొదటిది రోడ్డు పక్కన, చివరిది మా ఇంటి ముందు. రోజు విడిచి రోజు నీళ్లు. పొద్దున మిల్లు భోంగా, అంటే సైరన్, మోగగానే అవతల ట్యాంకు దగ్గర వాల్వు తిప్పుతారు. భోంగా వినగానే ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టి, వాటి వెనక కూర్చుంటారు. ఊరికే కూర్చోరు. తునికాకు ఇంట్లోనే కత్తిరించి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, దారం. నీళ్లు వచ్చేదాకా బీడీలు చేస్తూనే ఉంటారు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. ఎంతసేపు ఆగావంటే ఎన్ని కట్టలు చేశావన్నదే జవాబు.

మా పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. గల్లీ అంతటికీ పెద్దవ్వ. ఆమె ఫారం నింపడానికి పోతే "కట్టన్నర" అంది.

"నిమిషాల్ల చెప్పు పెద్దవ్వా."

"నిమిషాలు మీ సార్‌ను అడుగు. ఆయన చేతికి గడియారం ఉంటది గద."

"ఉజ్జాయింపుగ చెప్పరాదు?"

"ఉజ్జాయింపుగ ఎందుకు చెప్త? చెయ్యంగ చూసినవ్. కట్టన్నర అంటే కట్టన్నరే."

ఈ ప్రశ్న మీద మా గల్లీ నీళ్లు ఆధారపడి ఉన్నాయి. నీళ్ల ఆఫీసులో ఒక రిజిస్టర్ ఉంది. అందులో మా గల్లీకి వంతు రోజున రెండు గంటలు నీళ్లు ఇస్తున్నట్టు రాసి ఉంది. సార్ నివేదిక చూసి వంతులు మారుస్తామని, ఎక్కడ అవసరమని తేలితే అక్కడ కొత్త వాల్వు పెడతామని ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. నివేదిక కూడా రిజిస్టర్ మాటే చెబితే అంతా ఎప్పటిలాగే ఉంటుంది. మాది గొట్టానికి చివర. రెండు గంటల్లో మాకు వచ్చేది ఎంతో, ఎంత సన్నగా వచ్చేదో చివరి నల్ల దగ్గరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అవ్వ నాతో సూటిగానే అంది. "మన నల్ల సంగతి గా కాయితంల వడాలె. నువ్వు చదివినందుకు గదొక్కటి చెయ్యి."

నేను చేసింది ఇది. ఒక రోజు అవ్వ పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఒక కట్టకు పన్నెండు నిమిషాలు పట్టింది. రెండో కట్టకూ అంతే. మూడో కట్టకూ అంతే. కొలత దొరికిందని సంతోషపడ్డాను. గల్లీలోని ఫారాలన్నింటిలోనూ కట్టలను పన్నెండుతో హెచ్చవేసి నిమిషాలు రాశాను. పెద్దవ్వ కట్టన్నర పద్దెనిమిది నిమిషాలైంది. ముందు సున్నా పెట్టాను.

అవ్వ ఫారం మాత్రం పక్కన పెట్టాను. ఒకే నల్ల దగ్గర, ఒకే వరసలో కూర్చుని పెద్దవ్వ కట్టన్నర అంటే అవ్వ మూడు కట్టలంది. గల్లీ మేలు కోరి అవ్వ ఎక్కువ చెప్పిందనుకున్నాను. సొంత మనిషి మాట కలిపితే సార్ ముందు చులకనవుతానని కూడా అనుకున్నాను.

అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వారం పట్టింది. ప్రింటు తీసిన కాగితం సార్ బల్లమీద పరిచి చాలాసేపు చూశారు. ఆయన మాట్లాడింది మరాఠీలో. నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"మీ గల్లీలో రోడ్డు పక్కవాళ్లకంటే చివరివాళ్లే తక్కువసేపు ఆగుతున్నారు. నువ్వు నమ్ముతావా?"

"నమ్మను సార్."

"కంప్యూటర్ నమ్మింది."

నేను ఆ కాగితంలో మా గల్లీ వరస వెతికాను.

"తప్పు దానిది కాదు. మనం ఇచ్చిందే అది తిరిగి ఇస్తుంది. నివేదిక ఇవ్వడానికి పదిహేను రోజులుంది. ఈలోగా ఇది సరికాకపోతే పదకొండో ప్రశ్న కొట్టేసి రిజిస్టర్‌లో ఉన్న అంకెలు వేద్దాం. వేరే దారి లేదు."

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అవ్వ ఆకులో తంబాకు పోస్తూ విన్నది.

"నేను చెప్పింది ఏం రాసినవ్?"

"రాయలేదవ్వా."

"ఎందుకు?"

"పెద్దవ్వ కట్టన్నర అన్నది. నువ్వు మూడు కట్టలు అన్నవ్. ఒకటే లైను గద. నువ్వు ఎక్కువ చెప్పినవనుకున్న."

అవ్వ చేతులు ఆగిపోయాయి. కోపం వచ్చిందనుకున్నాను. ఆమె నావైపు కాసేపు చూసి, నవ్వడం మొదలుపెట్టి, ఒళ్లోని చాట పక్కన పెట్టి మరీ నవ్వింది.

"పెద్దవ్వ కట్టన్నర చేసే లోపల నేను మూడు చేస్తనే. నా చెయ్యి వట్టుకొని గల్లీ అందరి టైం కొల్చినవా?"

పుట్టినప్పటినుంచి నేను దగ్గరగా చూసిన చేతులు అవ్వవే. బీడీ చేయడమంటే ఆ వేగంతోనే చేస్తారని అనుకున్నాను. గల్లీలో అందరికంటే వేగంగా చేసేది ఆమేనని ఆ రోజుదాకా నాకు తెలియదు. రోడ్డు పక్క ఇళ్లలో చేయి తిరిగినవాళ్లు ఎక్కువ. చివరి ఇళ్లలో పెద్దవ్వలాంటి ముసలివాళ్లు, కొత్తగా కాపురానికి వచ్చి పని నేర్చుకుంటున్న కోడళ్లు. వాళ్లు ఎంతసేపు ఆగినా కట్టలు తక్కువే అవుతాయి. నేను వాళ్ల సమయాన్ని సగానికి సగం కోసేశాను. నా కొలతకు సరిగ్గా సరిపోయే ఆ ఒక్క ఫారాన్నే పక్కన పెట్టాను.

"ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క తీరు. అందరివి చూడాలె," అంది అవ్వ.

మరునాడు గడియారం పట్టుకుని పెద్దవ్వ ఇంటికి పోయాను. ఆమె నా చేతివైపు చూసి, కళ్లద్దాలు సర్దుకుని, నేను ఎన్నడూ చూడనంత వేగంగా చేయసాగింది.

"పెద్దవ్వా, రోజు చేసినట్టు చెయ్యి."

"రోజు గిట్లనే చేస్త. నిదానమని రాసినవనుకో, కోడలు రేపటిసంది నాకు చాయ్ కూడ పొయ్యదు."

లోపలినుంచి కోడలు అంది. "నేను విన్న అత్తా."

"ఇనాల్ననే అన్న."

ఆ కొలత పనికిరాలేదు. మిగతా ఇళ్లలోనూ ఇదే తంతు. గడియారం కనిపిస్తే ప్రతి చేయీ పరుగు తీసింది. సాయంత్రం అవ్వతో చెబితే ఆమె ఇంకో మాట అంది.

"ఇంట్ల కూసొని చేసేది వేరు, నల్ల కాడ చేసేది వేరు. ఆడ ముచ్చట ఉంటది, బిందె జరుపుడు ఉంటది, కొట్లాట ఉంటది. నల్ల కాడనే చూడు. గడియారం చూపకు."

ఆ తర్వాత నీళ్లు వచ్చే పొద్దున నేను మా గుమ్మంలో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. గడియారం పుస్తకం మధ్యలో. అవ్వ వరసలో కూర్చునేది. ఆ రోజు కొలవాలని మేం ముందే అనుకున్న ఆడమనిషి కొత్త కట్ట మొదలుపెట్టగానే అవ్వ ఒకసారి దగ్గేది. ఆమె కట్ట పూర్తిచేసి దారం చుట్టగానే రెండుసార్లు దగ్గేది. అవ్వ చూపు ఎవరి మీద ఉందో చూసి నేను రాసుకునేదాన్ని. ఒకే పొద్దున నలుగురిని కొలవాల్సి వస్తే అవ్వ దగ్గుతూనే ఉండేది.

"ఏందక్కా, తంబాకు తలకెక్కిందా?" అని ఒకామె.

"దవాఖానకు పోరాదు? గిట్ల దగ్గితె మీదికొస్తది," అని ఇంకొకామె.

మూడో ఇంటి కొత్త కోడలు చెంబుతో తులసి కషాయం తెచ్చి ఇచ్చింది. అవ్వ నావైపు ఒకసారి చూసి గటగటా తాగేసింది. ఆమెకు కషాయమంటే పడదు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. ఆఖరి వంతుకు మేమిద్దరం మొదటి నల్ల దగ్గరికి మారాం. చివరి నల్ల దగ్గరివాళ్లందరి కొలతలూ, మొదటి నల్ల దగ్గర సగం మందివీ వచ్చాయి. పెద్దవ్వకు ఒక కట్టకు ఇరవై నాలుగు నిమిషాలు. కొత్త కోడలికి ముప్పై ఆరు. అవ్వకు నల్ల దగ్గర కూడా పన్నెండే. పాత అంకెలు తీసేసి, కొలిచిన ప్రతి ఇంటికీ ఆ ఇంటి చేతి కొలతతో మళ్లీ లెక్కవేసి ఎక్కించాను. ఈసారి అవ్వ ఫారం కూడా ఎక్కించాను. పెద్దవ్వ కట్టన్నర ముప్పై ఆరు నిమిషాలైంది. అవ్వ మూడు కట్టలూ ముప్పై ఆరే.

సార్ కొత్త ప్రింటు చూసి కుర్చీలోంచి లేచారు. నేను కొలిచిన పద్ధతి చెప్పమన్నారు. దగ్గు సంగతి చెబితే నవ్వలేదు. "దీన్ని పద్ధతుల అధ్యాయంలో రాయాలి, ఉన్నదున్నట్టు," అన్నారు.

నీళ్ల ఆఫీసు ఇంజనీర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు. రిజిస్టర్ పదేళ్లుగా నమ్మకంగా రాస్తున్నవాడు.

"బీడీలతో టైం కొలుస్తారా? రేపు ఇంకో పేటలో రొట్టెలతో కొలుస్తారు. నేను పైవాళ్లకు ఏమని చెప్పాలి?"

"మీరే వచ్చి చూడండి. మీ గడియారంతో," అన్నారు సార్.

మరుసటి వంతు రోజున ఇంజనీర్ భోంగాకు ముందే మా గల్లీకి వచ్చాడు. ట్యాంకు దగ్గర మనిషిని ఎప్పటిలాగే భోంగాకు వాల్వు తిప్పమని చెప్పి వచ్చాడు. సార్ చేతిలో మా కొలతల కాగితం ఉంది. ఆ పొద్దున ఆడవాళ్లకు విషయమంతా చెప్పాం. దగ్గు సంగతి కూడా. వాళ్లు అవ్వనూ నన్నూ కాసేపు తిట్టారు. కొత్త కోడలు మాత్రం "నా కషాయం వట్టిగనె పాయె," అని ఊరుకుంది. తర్వాత అవ్వ వాళ్లతో అంది.

"ఇయ్యాల ఎవ్వరు ఉరకకుండ్రి. నెమ్మది చెయ్యకుండ్రి. రోజు చేసినట్టు చెయ్యిండ్రి. మన మాట నిలవడాలె."

భోంగా మోగింది. ఇంజనీర్ తన గడియారం చూసి చేయి వెనక్కి పెట్టుకున్నాడు. ఆడవాళ్లు చాటలు ఒళ్లోకి తీసుకున్నారు. అవ్వ రెండో కట్టలో ఉండగానే మొదటి నల్ల దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. మా నల్ల కింద నేల పొడిగా ఉంది. ఇంజనీర్ నిలబడి, తర్వాత గోడకు ఆనుకుని, తర్వాత పెద్దవ్వ కోడలు తెచ్చిన స్టూలు మీద కూర్చున్నాడు. ఎండ గల్లీలోకి దిగింది. ఆయన రెండుసార్లు లేచి నల్ల తిప్పి చూశాడు. గాలి చప్పుడు వచ్చింది.

"గది రోజు వచ్చేదే సాహెబ్," అంది పెద్దవ్వ. "గాలి మాకు ఫుల్ వస్తది. గాలికి తక్లీఫ్ లేదు."

చివరికి నీళ్లు వచ్చాయి. దారం మందాన వచ్చాయి. ఇంజనీర్ గడియారం చూసుకుని చేయి మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు. సార్ ముగ్గురిని అడిగారు.

అవ్వ: మూడు కట్టలు, మీద నాలుగు బీడీలు.

పెద్దవ్వ: కట్టన్నర, మీద రెండు.

కొత్త కోడలు సిగ్గుపడుతూ: ఒక కట్ట, మీద ఒకటి.

సార్ నా వీపు మీద కాగితం పెట్టుకుని లెక్కవేశారు. అవ్వ చేతికి ముప్పై ఎనిమిది నిమిషాలు వచ్చింది. పెద్దవ్వ చేతికీ ముప్పై ఎనిమిదే. కొత్త కోడలికి ముప్పై ఏడున్నర. సార్ కాగితం ఇంజనీర్‌కు ఇచ్చారు. ఆయన చదివి, చేయి ముందుకు చాపి గడియారం అందరికీ చూపించాడు.

"ముప్పై ఎనిమిది," అన్నాడు.

పెద్దవ్వ స్టూలు దగ్గరికి వచ్చి ఆ గడియారాన్ని వంగి చూసింది.

"మంచిదే సాహెబ్. మీ గడియారం సరిగనె నడుస్తున్నది."

మొదట నవ్వింది ఇంజనీరే. ఆ తర్వాత గల్లీ అంతా నవ్వింది. రోడ్డు పక్క నల్ల దగ్గరివాళ్లు బిందెలు వదిలి ఏమైందోనని చూడటానికి వచ్చారు. అవ్వ నవ్వలేదు. ఆమె నడుము నిటారుగా పెట్టుకుని, దారం మందాన వస్తున్న నీళ్ల కింద తన బిందె పెట్టింది.

ఇంజనీర్ వెళ్లేముందు సార్‌తో అన్న మాట నేను దగ్గరుండి విన్నాను. "మా రిజిస్టర్‌లో అబద్ధం లేదు. కాని మేం రాసేది ట్యాంకు దగ్గర వాల్వు తిప్పిన టైం. నల్ల దగ్గరి టైం ఎవరం రాయలేదు." ఆ వాక్యాన్ని సార్ నివేదిక మొదటి పేజీలో పెట్టారు. సమయం కొలిచిన సాధనం అన్నచోట బీడీ అని రాసి, ప్రతి చేతికీ విడిగా, పని జరిగే చోటే కొలత తీసినట్టు వివరించారు. తర్వాత ఒక సదస్సులో ఆ నివేదిక చదివినప్పుడు, సాధనంలో దోషం ఎంత అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. అర నిమిషం అన్నాను. ఆయన తన గడియారం చూసుకున్నాడు.

రెండు నెలల తర్వాత గల్లీ తవ్వి చివరి ఇళ్లకు వేరే గొట్టం వేసి కొత్త వాల్వు పెట్టారు. ఒక వంతు ముందు ఇళ్లకు మొదట, మరుసటి వంతు చివరి ఇళ్లకు మొదట అని పద్ధతి మార్చారు. రోడ్డు పక్కవాళ్లు నాలుగు రోజులు గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. ఆ ఏడాదే ఇంకొన్ని గల్లీలు తమ దగ్గరికీ రమ్మని సార్‌కు కబురు పెట్టాయి. ఫారంలో పదకొండో ప్రశ్నను మేం మార్చాం. నిమిషాల గడుల పక్కన కట్టలకు రెండు గడులు పెట్టాం, వాటి కింద చేతి కొలతకు ఇంకో రెండు.

మా వైపు మొదట నీళ్లు వదిలిన పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. భోంగా మోగింది. అవ్వ బిందెలు తీసుకుని పోయింది. కాసేపటికి బయట పెద్దగా మాటలు వినిపించాయి.

"జరుగే, మీద వడ్తున్నయ్."

"గింత జోరుగ వస్తె బిందె ఆగుతదా?"

"ఇగ ముచ్చట వెట్టుకునేది ఎప్పుడే? కూసున్ననో లేదో నంబర్ వచ్చె."

"నువ్వు నంబర్ తప్పితె నాకు మంచిదే, కూసో."

అవ్వ నిండు బిందెతో లోపలికి వచ్చింది. కొంగు తడిసింది. బిందె దించి మళ్లీ పోయి రెండోది తెచ్చింది. తర్వాత చాట తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నీళ్లు వచ్చేలోపు చేసిన, ఇంకా కట్ట కట్టని బీడీలు కొన్ని ఉన్నాయి. ఆమె వాటిని వేలితో ఒకటొకటే పక్కకు జరిపి లెక్కపెట్టింది.

"పదకొండు," అంది. "రాస్కో."